యాత్ర, బడి, కథ: ఒకే అట్టల మధ్య

పుస్తకం వేద్దామనుకుంటున్నానని చెప్పినప్పుడు అందరూ మొదట అడిగింది ఒకటే: "దేని మీద?" కొన్ని యాత్రల మీద, కొన్ని బడుల మీద, మిగతావి కథలు అనేసరికి సలహా వచ్చేది. "అలా కలిపేస్తే ఎవరు కొంటారండీ, మూడూ విడివిడిగా వేసుకోండి" అని ఒకరు. "ముందు కథలు తెండి, మిగతావి తర్వాత చూద్దాం" అని ఇంకొకరు. నాకు మాత్రం మూడూ ఒక్క పుస్తకంలోనే ఉండాలనిపించింది. విడదీస్తే ఒక్కోదానిలో సగం విషయం పోతుందని నా నమ్మకం. విశాఖలోనే ఉండి ఆ పని పూర్తి చేశాను. రకరకాల రాతలు దగ్గర పెట్టుకుని ఏం చేయాలో తోచకుండా ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఆ అనుభవం రాస్తున్నాను.

నేను ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా చేరి, హైస్కూల్లో సోషల్ చెప్పే స్కూల్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. సర్వీసులో మొదటి భాగం అరకు, పాడేరు వైపు ఏజెన్సీ బడుల్లో గడిచింది, తర్వాతది నగరంలో. ఏజెన్సీలో ఉన్నప్పుడు సెలవు దొరికితే కిరండూల్ నుంచి విశాఖ వచ్చే పాసింజరు రైల్లో ఇంటికి దిగివచ్చేదాన్ని. రైల్లో చూసింది, బళ్లో జరిగింది, సంతలో విన్నది అన్నీ ఒకే నోటుపుస్తకంలోకి ఎక్కేవి. తర్వాత వాటిలోంచి కొన్ని పత్రికలకు వ్యాసాలుగా వెళ్లాయి, కొన్ని కథలయ్యాయి, చాలా భాగం అలాగే ఉండిపోయాయి. రిటైరయ్యాక అన్నిటినీ హాల్లో పరిచి ఏరడం మొదలుపెట్టాను.

ఏరుతుంటే ఒక చిక్కు కనబడింది. ఒకే సంఘటన మూడు చోట్ల ఉంది. తొంభైల మొదట్లో అరకు దగ్గర ఒక వారపు సంత. తల్లి పక్కన కూర్చుని రాజ్‌మా గింజలు అమ్ముతోంది ఒక పిల్ల. మా బళ్లోనే నాలుగో తరగతి. తరగతిలో ఎక్కం అప్పజెప్పమంటే నోరు విప్పదు. కుంచం, మానిక, తవ్వ గింజలు కొలిచే పాత కొలతలు. ఆ రోజు కుంచం గింజల ధర 72 రూపాయలు. ఒకాయన వచ్చి ఒక మానికా ఒక తవ్వా కావాలన్నాడు. నేను ఇంకా మనసులో లెక్క కట్టుకుంటున్నాను, ఆ పిల్ల "ఇరవై ఏడు" అనేసింది.

ఎలా చెప్పిందో ఆ సాయంత్రం కాగితం మీద వేసి చూస్తే తెలిసింది. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. పైనుంచి దిగుతూంటే ప్రతిసారీ సగమే. 72లో సగం 36 అడ్డ ధర, అందులో సగం 18 మానిక ధర, అందులో సగం 9 తవ్వ ధర. పద్దెనిమిదీ తొమ్మిదీ ఇరవై ఏడు. ఆ పిల్లకు ఎక్కంతో పనే పడలేదు. సగాలు చేసుకుంటూ దిగి, కావలసిన రెండిటినీ కలుపుకుంది. బళ్లో మేమేమో పదులతో మొదలుపెట్టి, వాళ్లింట్లో వినబడని తెలుగులో ఎక్కాలు చెబుతున్నాం. వాళ్లు ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా.

ఈ సంఘటన నా సంత యాత్రావ్యాసంలో ఐదు వాక్యాలు. చదువు మీద రాసిన వ్యాసంలో అదే అసలు విషయం. కథలో ఆ పిల్ల పెద్దదై, బడి మానేసి, వ్యాపారం చేస్తుంది. ఒకే పుస్తకంలో మూడూ ఉంటే పాఠకులు ఏమనుకుంటారు? కథలో చెప్పినదే ఆ పిల్ల అసలు జీవితం అనుకుంటారు. నిజానికి ఆ బడినుంచి నాకు బదిలీ అయ్యాక ఆమె గురించి నాకేమీ తెలియదు. చదువుకుందో, మానేసిందో, ఎక్కడుందో తెలియదు. బతికున్న మనిషికి తెలియని జీవితాన్ని అంటగట్టే హక్కు నాకు లేదు. వ్యాసంలో నాకు తెలిసిన చోటే ఆగిపోవాలి. కథకు ఆ ఆంక్ష లేదు, కానీ కథను వ్యాసం పక్కన అచ్చువేస్తున్నప్పుడు ఉంటుంది.

పుస్తకం మొత్తంలో నేను ఎక్కువకాలం ఆలోచించింది దీని గురించే. చివరికి సంఘటనను పూర్తిగా బడి వ్యాసానికే ఇచ్చాను. యాత్రావ్యాసంలో దాన్ని తీసేసి సంతలో వేరే సంగతులు ఉంచాను: అడ్డాకుల కట్టలు, కొండ చీపుర్లు, పసుపు, పిప్పళ్లు. కథను మాత్రం కొండమీంచి దించి విశాఖ ఫిషింగ్ హార్బరుకు తీసుకువచ్చాను. ఇప్పుడు ఆ కథలో ఉన్నది గంపలతో చేపల వేలంపాటకు వచ్చే ఒక నడివయసు ఆవిడ. ఊరు మారింది, వయసు మారింది, సరుకు మారింది. లెక్క చురుకు మాత్రం ఉంది. దీనికోసం తెల్లవారకముందే హార్బరుకు వెళ్లి వేలం ఎలా సాగుతుందో చూశాను, అక్కడి ఆడవాళ్లతో మాట్లాడాను. కథ పాతదానికంటే బాగా కుదిరింది. అక్కడ నాకు తెలియని జీవితం కనబడింది కాబట్టి జాగ్రత్తగా రాయాల్సి వచ్చింది.

అక్కణ్ణుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి రచన పైన యాత్ర, బడి, కథ అని మూడింటిలో ఏదో ఒకటి చిన్న అక్షరాలతో వేయాలి. కింద రాసిన సంవత్సరం వేయాలి. పైనున్న ఆ ఒక్క మాటను నేను పాఠకుడికి ఇచ్చే హామీగానే చూశాను. యాత్ర అని ఉంటే అందులో ఊరూ, దూరమూ, తేదీ సరిచూసుకోవచ్చు. బడి అని ఉంటే జరిగింది నిజం, పేర్లు మాత్రం తీసేసినవి. కథ అని ఉంటే ఎవరినీ వెతకనక్కర్లేదు.

ఏ మూలకు చేర్చాలో తేలని రచనలు కొన్ని మిగిలాయి. ఎనిమిదో తరగతి పిల్లలతో తొట్లకొండకు వెళ్లిన రోజు గురించి రాసింది వాటిలో ఒకటి. భీమిలి రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉన్న బౌద్ధ స్థలం అది. 1976లో నౌకాదళం సర్వే చేస్తున్నప్పుడు బయటపడింది, 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిగాయి. పిల్లలకు ఈ తేదీలేవీ పట్టలేదు. ఒక కుర్రాడు అడిగాడు: "టీచర్, ఇంత కొండమీద వాళ్లు నీళ్లెక్కడ తాగేవారు?" రాతిలో తొలిచిన తొట్లు చూపించాను. వాన నీళ్లు ఎటునుంచి జారి అందులోకి వస్తాయో పిల్లలే వాలు చూసి కనిపెట్టారు. ఆ రోజంతా నేను పాఠం చెప్పలేదు, ప్రశ్నలు వింటూ నడిచాను. స్థలం గురించి చెప్పిందాంట్లో సగం యాత్ర, పిల్లలు నేర్చుకున్న తీరులో సగం బడి. దానిపైన బడి అనే వేశాను, పిల్లాడి ప్రశ్న లేకపోతే అది రాసి ఉండేదాన్ని కాదు కాబట్టి.

ఇక వరుస. యాత్రలన్నీ ఒకచోట, బడులన్నీ ఒకచోట, కథలన్నీ చివర్న పెడితే మూడు చిన్న పుస్తకాలు కలిపి కుట్టినట్టు ఉంటుంది. నాతో పనిచేసిన తెలుగు టీచరు, నన్ను అక్కా అని పిలుస్తుంది, రాతప్రతి చదివిపెట్టింది. "అక్కా, నువ్వు ఎక్కడినుంచి దిగివచ్చావో ఆ దారినే పెట్టెయ్యి" అంది. ఆ మాట పట్టుకుని రైలు దిగివచ్చే వరుసలో పేర్చాను. అరకు, శిమిలిగూడ, బొర్రా గుహలు, ఎస్.కోట, కొత్తవలస, విశాఖ, చివర్న భీమిలి తీరం. ఆ లైను వేసింది ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి. మేం టీచర్లం, పిల్లలం, సంత సరుకుల వాళ్లం ఆ ఖనిజపు దారిలోనే తిరిగాం. ఈ వరుసలో యాత్ర పక్కన కథ, కథ పక్కన బడి వచ్చేస్తాయి, చదివేవాళ్లకు ఊరు దారి చూపిస్తుంది.

పాత యాత్రావ్యాసాలను ఇప్పటి లోకంతో సరిచూడటం ఒక పెద్ద పని. శిమిలిగూడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. నేను రాసినప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలో అదే ఎత్తైనదని చెప్పుకునేవారు. 2008లో కాశ్మీరు లోయలో రైళ్లు మొదలయ్యాక ఆ మాట చెల్లదు. విశాఖ జిల్లా అరకు అని రాసిన చోట్లు చాలా ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనలో అరకు, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి, పాడేరే దానికి కేంద్రం. 2017లో అద్దాల పైకప్పు బోగీలు వచ్చాక అరకు రైలు ప్రయాణమే వేరుగా ఉంది. వీటన్నిటినీ దిద్దుకుంటూ పోవాలా? వద్దనుకున్నాను. ఆ రోజు అక్కడ ఎలా ఉందో చెప్పడమే యాత్రావ్యాసం పని. పాఠాన్ని అలాగే ఉంచి, కింద సంవత్సరం వేసి, మారిన సంగతి ఒక్క వాక్యంలో జోడించాను.

బడి వ్యాసాల్లో ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే అవి వాదిస్తాయి. ఇంటిభాషలో మొదలుపెట్టకపోతే ఏజెన్సీ పిల్లలు మొదటి రెండేళ్లు మౌనంగా కూర్చుంటారని నేను తొంభైల్లో రాశాను. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలైంది. మా వైపు కువి, కొండ, ఆదివాసీ ఒడియా కూడా వాటిలో ఉన్నాయి. ఆ సంగతి చెప్పకుండా పాత వాదాన్ని అలాగే అచ్చువేస్తే అన్యాయం. అందుకని బడి వ్యాసాలు కొన్ని తిరగరాశాను. పిల్లల పేర్లు, ఊళ్ల పేర్లు, బడి పేర్లు తీసేశాను. నా దగ్గరున్న ఫొటోల్లో పిల్లల ముఖాలు తెలిసేవి ఒక్కటీ వాడలేదు. వాళ్లిప్పుడు పెద్దవాళ్లు. చిన్నప్పుడు లెక్క రాలేదనో, చెప్పులు లేవనో పుస్తకంలో తమ ఫొటో కింద రాసుంటే వాళ్లకు ఎలా ఉంటుంది?

కథలకూ సరిచూసుకునే పని ఉంటుంది. హుద్‌హుద్ మీద ఒక కథ ఉంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. తుపాను కన్ను నగరం మీదుగా వెళ్తున్నప్పుడు గాలి కాసేపు ఆగింది కదా, కథంతా ఆ విరామంలోనే జరుగుతుంది. మనుషులు కల్పితం, ఆ విరామం నిజం. ఆ రోజు ఇక్కడున్నవాళ్లు చదివి "ఇలా లేదే" అనకూడదని, మా వీధిలో వాళ్లకు చదివి వినిపించాను. చెట్లు ఎటు కూలాయి, నీళ్లు ఎప్పుడు ఆగిపోయాయి, కరెంటు ఎన్నాళ్లు లేదు, ఇవన్నీ ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్పారు. అందరూ ఒప్పుకున్నవే ఉంచాను.

ఇక ప్రెస్సు సంగతి. అల్లిపురంలో ఒక డీటీపీ సెంటరులో పని ఇచ్చాను. నేను టైపు చేసింది యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, ఇంటర్నెట్‌లో కనబడే తెలుగులో. వాళ్లు పేజీలు పెట్టేది అనూ అనే పాత రకం ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో. మార్చేటప్పుడు కొన్ని చోట్ల వత్తులు జారిపోయాయి, కొటేషన్ గుర్తులు వేరే అక్షరాలయ్యాయి. ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగుతోనే పేజీలు పెట్టొచ్చు. మండలి, సురన్న లాంటి ఉచిత ఫాంట్లూ ఉన్నాయి. మీరు ఇంకా పని ఇవ్వకపోతే, అలా చేసేవాళ్ల కోసం ముందే వెతకమని చెబుతాను, ప్రూఫుల దగ్గర టెన్షన్ చాలా తగ్గుతుంది. ప్రూఫులు కాగితం మీదే చూడాలి. ఒకరు అసలు ప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫులో వేలు పెట్టి చూడటం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. నేనూ మా తెలుగు టీచరూ అలాగే చేశాం. అంకెలు విడిగా మరోసారి చూశాం. కథల్లో మనుషులు మాట్లాడే మా ఉత్తరాంధ్ర మాటలను ఆపరేటరు కుర్రాడు మంచి ఉద్దేశంతోనే పుస్తకాల తెలుగులోకి దిద్దేశాడు. అతనిది గాజువాక. "నువ్వు ఇంట్లో ఇలాగే మాట్లాడతావు కదా నాన్నా" అంటే నవ్వి, అన్నీ వెనక్కి పెట్టాడు.

పేజీలు తేలాక 163 వచ్చాయి. పుస్తకం ఫారాల లెక్కలో అచ్చవుతుంది, ఫారానికి పదహారు పేజీలు. "మేడమ్, మూడు పేజీలు తగ్గిస్తే సరిగ్గా పది ఫారాలు. లేదంటే ఇంకో అర ఫారం వేయాలి, 168 అవుతుంది, ఐదు పేజీలు ఖాళీ" అన్నాడు ఆపరేటరు కుర్రాడు. మూడు పేజీల కోసం ఏ రచననూ నరకబుద్ధి కాలేదు. ఆ ఐదు పేజీల్లో కొలతల పట్టిక వేయించాను, రైలు దారి పటం గీయించాను, ఏ రచన ఏ సంవత్సరంలో రాసిందో జాబితా పెట్టాను. చదివినవాళ్లు చాలామంది ఆ పట్టికను మెచ్చుకున్నారు. డెమ్మీ సైజు, లోపల 70 జీఎస్ఎం మాప్‌లిథో కాగితం, 300 కాపీలు. జిగురు బైండింగు చౌక, కానీ సముద్రపు తేమకు అది ఎన్నాళ్లుంటుందోనని కుట్టు బైండింగు చేయించాను. ఈ ఖర్చు పెట్టినందుకు నాకు సంతోషమే.

ఐఎస్‌బీఎన్ అంటే ప్రతి పుస్తకానికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య. దాని కోసం ఏజెంట్లకు డబ్బిచ్చేవాళ్లు ఉన్నారు. అవసరం లేదు. ఢిల్లీలోని రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు, సొంతంగా వేసుకునే రచయితకూ ఇస్తారు. 13 అంకెల సంఖ్య వస్తుంది. అది వచ్చేదాకా అట్ట అచ్చుకు వెళ్లనివ్వకండి, వెనక అట్ట మీద బార్‌కోడ్ పడాలి.

అందరూ మొదట అడిగిన "దేని మీద" అన్న ప్రశ్నకు ఒక లైబ్రేరియన్ నాకు మంచి జవాబిచ్చారు. గ్రంథాలయాల్లో పుస్తకాలను విషయాన్నిబట్టి అంకెలతో సర్దే డ్యూయీ పద్ధతిలో చదువు మీద పుస్తకాలు 370 దగ్గర, మన దేశంలో యాత్రలు 915.4 దగ్గర, తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటాయి. నా పుస్తకం ఏ బీరువాలోకి వెళ్తుందని అడిగాను. "సాహిత్యంలో ఒకటి కవిత్వం, రెండు నాటకం, మూడు కల్పన, నాలుగు వ్యాసం. చివర్న ఎనిమిది ఉందండీ, కలగలుపు రచనలకు. మీది 894.8278" అన్నారు. ప్రపంచమంతటా గ్రంథాలయాల్లో నాలాంటివాళ్లకు ఒక అంకె కేటాయించి ఉందని తెలిసి ఎంతో ధైర్యం వచ్చింది. ఇలాంటి పుస్తకాలు ఇంతకుముందూ వచ్చాయి, వాటికి చోటు ఉంది, ఇకముందూ వస్తాయి.

ఆవిష్కరణ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పెట్టుకున్నాను. పెద్ద సభేమీ కాదు. పాత కొలీగ్స్, కొందరు పాత విద్యార్థులు, మా వీధివాళ్లు వచ్చారు. హార్బరు కథ కోసం నాతో మాట్లాడిన ఆవిడ కూడా వచ్చి, చదివి వినిపిస్తున్నంతసేపూ ముందు వరుసలో కూర్చుంది. అయిపోయాక వేలం గురించి ఒక సవరణ చెప్పింది, నా కాపీలో రాసిపెట్టుకున్నాను.

తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది. 1954 నాటి చట్టం ప్రకారం, ప్రచురించిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబై సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ఒక్కో కాపీ మన ఖర్చుతోనే పంపాలి. రేపు మన ఇంట్లో ఒక్క కాపీ మిగలకపోయినా అక్కడ ఉంటుంది. సొంత ప్రచురణ వాళ్లు దీన్ని దండగ అనుకోవద్దని నా మనవి.

కొన్నాళ్లకు పాడేరు వైపు ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెప్పే మాస్టారు ఫోన్ చేశారు. ఆయన బడి వ్యాసం చదివి, తరగతిలో సగాలతో మొదలుపెట్టి చూశారట. "మేడమ్, మా పిల్లలకి కుంచం, అడ్డ అంటే తాతలకే తెలుసంటున్నారు. కానీ కిలో, అరకిలో, పావుకిలో బాగా వచ్చు. అవీ సగాలే కదా, వాటితోనే మొదలెట్టాను" అన్నారు. నాకు ఆ సంగతి తట్టలేదు. ఆ వ్యాసం, కొలతల పట్టిక విడిగా కావాలి, మిగతా టీచర్లకు ఇస్తానన్నారు. ఆ పేజీలు పీడీఎఫ్ చేయించి పంపాను, ఎన్ని జిరాక్సులైనా తీసుకోమన్నాను. రెండో ముద్రణ వేస్తే పట్టిక కింద కిలో లెక్క కూడా చేరుస్తాను. ఆయన పేరు వేయొచ్చా అని అడిగితే, తన పేరు వద్దు, పిల్లలు ఆ రోజు వేసిన లెక్కలు వేయమని కాగితం మీద రాయించి పంపారు.